లారీ వెంట తుమ్ములు

మిరప సీజన్ వచ్చిందంటే మా కాలేజీలో కిటికీలు మూసుకుని పాఠం చెప్పాలి. ఎనుమాముల మార్కెట్ యార్డులో కాయ దిగడం మొదలవుతుంది, గాలి ఇటు తిరిగిన రోజున ఆ ఘాటు మా ఫిజిక్స్ గది దాకా వచ్చేస్తుంది. మొన్న సోమవారం ముందు బెంచీలో ఒక పిల్ల తుమ్మింది, తర్వాత దాని పక్కది, ఆ తర్వాత వెనక బెంచీ మొత్తం. చివరికి నేనూ తుమ్మాను, చేతిలోని సుద్దముక్క కింద పడింది. నవ్వులు సద్దుమణిగాక ఒకమ్మాయి లేచి అడిగింది: "మేడం, సౌండ్ కన్నా స్పీడ్‌గ పోయే ప్యాసింజర్ విమానాలు మల్ల వస్తయంటున్రు, నిజమేనా?" తుమ్ములూ ఆ ప్రశ్నా ఒకేసారి వచ్చి పడేసరికి నాకు యాకూబ్ సార్ గుర్తొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

యాకూబ్ సార్ నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పారు. వర్ధన్నపేట నుంచి రోజూ పాత స్కూటర్ మీద వచ్చేవారు. గొంతు పెంచడం ఆయనకు చేతకాదు, అందుకే ఆయన మాట వినబడాలంటే మేమే నోరు మూసుకోవాల్సి వచ్చేది. పాఠం పూర్తయ్యేసరికి ఆయన చొక్కా జేబు మీద సుద్ద పొడి మరకలు, మా నోట్సులో ఒక్క కొట్టివేత కూడా లేని పేజీలు. ఆయన చెప్పినదాంట్లో తప్పుంటుందన్న ఆలోచనే మాకు ఉండేది కాదు. ఆయనకూ ఉండేది కాదనే నా అనుమానం.

నేను రెండో ఏడాదిలో ఉండగా, ధ్వని కన్నా వేగంగా పోయే కాంకార్డ్ విమానాలు ఆగిపోయాయని పేపర్లో వచ్చింది. ఆ ఏడు జిల్లా స్థాయి వక్తృత్వ పోటీకి ఇచ్చిన అంశం కూడా అదే: ధ్వనిని మించిన ప్రయాణం మళ్ళీ వస్తుందా? ఆ పోటీ మీద నా చదువంతా ఆధారపడి ఉంది. మా నాయిన మల్లయ్య ఎనుమాముల యార్డులో హమాలీ. నేను హైదరాబాద్ వెళ్ళి బీఎస్సీ చదువుతానంటే ఆయన కాదనలేదు, అవుననలేదు. "పట్నంల అందరు మొనగాళ్ళే ఉంటరు బిడ్డా. వాళ్ళ నడుమ నెగ్గుకొస్తవా? పోటీల ఫస్ట్ రా, హాస్టల్ల ఏస్త. రాకుంటే ఈడనే సదువుకో" అన్నాడు. ఒకసారి అన్న మాట నుంచి వెనక్కి జరిగే మనిషి కాదు.

నా ప్రసంగం అదిరిపోయిందనే అనుకున్నాను. సార్ మాకు చెప్పిన పాఠమే దానికి పునాది. విమానం ధ్వని వేగాన్ని దాటే క్షణంలో ఒక్కసారే పిడుగులాంటి చప్పుడు వస్తుంది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. కాబట్టి సముద్రం మీద ఉండగానే ఆ గీత దాటేస్తే చాలు, మన ఊళ్ళ మీద హాయిగా ఎగరొచ్చు, ఆ ప్రయాణం తప్పక తిరిగి వస్తుంది అని బల్ల గుద్ది చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ మెల్లగా అంది: "అమ్మా, ఆ చప్పుడు ఒక్కసారి వచ్చి ఆగదు. విమానం ఆ వేగంతో పోయినంతసేపూ దాని వెంటే నేల మీద సాగుతుంది. నీ వాదన మొత్తం అక్కడే కూలిపోయింది." నాకు మూడో స్థానం కూడా రాలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. సార్ మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

మూడో రోజు మధ్యాహ్నం నాయినకు అన్నం టిఫిన్ తీసుకుని యార్డుకు వెళ్తే అక్కడ సార్ స్కూటర్ కనబడింది. ఆయన బస్తాల మధ్య నిలబడి నాయినతో మాట్లాడుతున్నారు.

"మల్లన్నా, ఓడిపోయింది పిల్ల కాదు, నేను. రెండు దినాలు లైబ్రరీల కూసొని చూసిన. ఇన్నేండ్ల సంది తప్పు చెప్తున్న. నా మాట నమ్మి నిలబడ్డందుకు అది ఓడింది."

నాయిన తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏం తప్పు సార్?"

సార్ వేళ్ళతో గాలిలో గీతలు గీశారు, బస్తా మీద గీశారు. నాయిన ముఖం చూస్తే ఏమీ ఎక్కలేదని తెలిసిపోతోంది. అంతలో ఒక లారీ కదిలింది. కింద రాలిన కాయలు టైర్ల కింద పగిలి ఎర్రటి దుమ్ము లేచింది. ముందు కాంటా దగ్గరున్న మనిషి తుమ్మాడు, తర్వాత బస్తాలు కుట్టే ఆడవాళ్ళు, తర్వాత మేము, మా అవతల చాయ్ తాగుతున్నవాళ్ళు. లారీ గేటు దాకా పోయింది, తుమ్ములు కూడా గేటు దాకా పోయాయి. సార్ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

"గిదే మల్లన్నా! ఒక్కకాడ లేపి ఊకుందా దుమ్ము? పోయినంత దూరం లేపుకుంటనే పోయింది."

"అంటే తొవ్వ పొడుగూత ఉన్నోళ్ళకు తలా ఒక తుమ్ము" అన్నాడు నాయిన. లారీ పోయిన వైపు చూసి, "మరి లోపల కూసున్న డ్రైవర్‌కు?" అని అడిగాడు.

"అద్దాలు ఎక్కించుకున్నడు. వానికేం తెల్వది."

"గట్లయితే సార్, ఆ విమానం మల్ల రావాల్నా వద్దా అని ఎక్కెటోళ్ళను అడిగితే ఏం ఫాయిదా? కిందున్నోళ్ళను అడగాలె."

సార్ నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగి, "రాసుకో బేటా. నీ ప్రసంగంల లేని ముక్క అదే" అన్నారు. నా దగ్గర కాగితం లేదు, కానీ రాసుకోవాల్సిన అవసరం కూడా పడలేదు.

నాయిన టిఫిన్ విప్పుతూ హాస్టల్ ఫారం ఎక్కడ దొరుకుతుందని సార్‌ను అడిగాడు. నేను నమ్మలేక చూస్తుంటే, "తప్పు చెప్పిన అనుకుంట హమాలీ కాడికి వచ్చిన సార్‌ను నేనెన్నడు సూడలే. గసోంటాయన దగ్గర సదువుకున్నదానికి ఇంకేం పోటీ?" అన్నాడు. బస్సులో తెచ్చుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

సార్ అంతటితో ఆగలేదు. పాత విద్యార్థుల జాబితా తీసి, ఆ తప్పు సరిచేసి చెప్పడానికి ఆదివారాలు స్కూటర్ మీద తిరిగారు. కిరాణా కొట్టు పెట్టుకున్న ఒకాయన పప్పు పొట్లం కడుతూ, "సార్, నేను ఆ పాఠమే మర్చిపోయిన" అన్నాడట. "మర్చిపోయినవా, అల్‌హమ్దులిల్లా" అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని సార్ తర్వాతి ఇంటికి బయల్దేరారట. ఆ ఏడాది నుంచి క్లాసులో బోర్డు కుడి మూలన చిన్న గడి గీసి 'సార్ తప్పులు' అని రాసేవారు. దాన్ని తుడవనిచ్చేవారు కాదు. ఆయన పోయి మూడేళ్ళయింది. నా బోర్డు మీద అదే గడి ఉంటుంది, పేరు మాత్రం 'మేడం తప్పులు'.

సోమవారం నాటి ప్రశ్నకు నేను ఉత్సాహంగా జవాబు చెప్పాను. వస్తాయేమో, ప్రయత్నాలు గట్టిగానే జరుగుతున్నాయి, చప్పుడును కారు తలుపు వేసినంత మెత్తగా మార్చే విమాన ఆకారాలు ప్రయత్నిస్తున్నారు, ఇంధనమూ టికెట్టూ వేరే తలనొప్పులు అన్నాను. తగినంత ఎత్తులో ఎగిరితే, ఎంత వేగంతో పోయినా ఆ చప్పుడు అల పైకి వంగిపోయి నేలను తాకదు అని కూడా అనేశాను. మర్నాడు ఇంకో సెక్షన్‌లో అదే మాట చెబుతుంటే సమీనా అనే పిల్ల చెయ్యెత్తి, "ఎంత స్పీడైనా ఓకేనా మేడం?" అంది. వెళ్ళి పుస్తకం తీస్తే, కాదు. ధ్వని వేగాన్ని కొద్దిగా మాత్రమే దాటినప్పుడు, అదీ గాలి అనుకూలిస్తేనే. ఇంకా వేగం పెంచితే కిందున్నవాళ్ళకు వినబడాల్సిందే. గడిలో రాసి, రెండు సెక్షన్లకూ చెప్పాను. సోమవారం క్లాసులో ఉన్న శ్రావణి మాత్రం ఇంటి దగ్గర మిరపకాయ ఏరుతూ రెండు రోజులుగా రాలేదు. ఫోన్ చేశాను.

"మేడం, అటెండెన్స్ గురించా?"

"కాదు. సోమవారం నేను చెప్పిన దాంట్లో తప్పుంది" అని సరిచేసి చెప్పాను.

"గింత చిన్నదానికి ఫోన్ చేసిండ్రా? పరీక్షల రాదు గద మేడం."

"రాదు. నువ్వెవరికన్నా చెప్పినవా మరి?"

అవతల ఒక తుమ్ము, దాని వెనక ఎవరిదో ఇంకో తుమ్ము. "మా నాయినకు చెప్పిన మేడం. కాయ ఏరుకుంట."

"అయితే ఫోన్ ఒకసారి మీ నాయినకియ్యి" అన్నాను.