పాడూరిలో తలనొప్పి

ఆ రోజుల్లో మా కడప జిల్లాలో సారా కాచడం, అమ్మడం, తాగడం మూడూ నేరాలే. అందుకేనేమో ఆ మూడూ ఎంతో భక్తిశ్రద్ధలతో జరిగేవి. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికిన వంశంలో మొదటిసారి సర్కారు జీతం అందుకున్నవాణ్ణి కనుక నేలకు జానెడు ఎత్తున నడుస్తుండేవాణ్ణి. ఉద్యోగం పెద్దదేం కాదు. మైదుకూరు అవతల కొత్త రోడ్డు కోసం కొలతలు తీసే జట్టులో ఆ కొలతలు పుస్తకంలో రాసుకునే పని, అదీ తాత్కాలికం. కానీ తలమీద దొరటోపీ ఉండేది. (ఆ టోపీ కింద తల కూడా ఒకటుందని తెలిసొచ్చిన వైనమే ఇది.)

మా జట్టులో కొలత గొలుసు లాగే పెద్దాయన ఒకడుండేవాడు. అందరూ గొలుసు మామ అనేవాళ్ళు. అంతకు ముందు మంగంపేట ముగ్గురాయి గనుల్లో తోటాలు పేల్చిన మనిషి. ఆ పేలుళ్ళకు చెవులు దాదాపు పోయి గొంతు మాత్రం మిగిలింది. రహస్యం చెప్పినా రెండు చేల అవతలికి వినబడేది. ఎండ నెత్తికెక్కగానే మా పెద్దసారు బంగళాకు వెళ్ళిపోయేవాడు, కూలీలు వంక ఒడ్డున తుమ్మచెట్ల కిందికి చేరేవాళ్ళు. మామ మాత్రం నన్ను పాడూరికి తీసుకుపోయేవాడు. ఎప్పుడో ప్లేగు వచ్చి చాలామంది చావగా మిగిలినవాళ్ళు వదిలేసిపోయిన ఊరది. కప్పులు లేని గోడలు, వాకిళ్ళలో నల్లటి నాపరాళ్ళు, ఎవరూ తెరవని తలుపుల చట్రాలు. పక్షి అరుపు కూడా ఉండేది కాదు. భయపడి ఎవరూ రారు కాబట్టి తాగడానికి అంతకన్నా భద్రమైన చోటు లేదని మామ లెక్క.

మొదటి రోజు సారా పోసిన సోడాసీసా నా చేతికిచ్చి, "తాగప్పా, మగోనివి గదా" అన్నాడు. మగవాణ్ణే గనుక తాగాను. నాలుగు గుక్కలు. గొంతు కాలింది, చెవులు వేడెక్కాయి, లోకం కాస్త దయగా కనిపించింది. ఆ దయ బీడీ కాల్చినంత సేపు కూడా నిలవలేదు. ఎడమ కణతలో ఎవరో మేకు పెట్టి నిదానంగా, ఏ తొందరా లేకుండా దిగ్గొట్టడం మొదలుపెట్టారు. తాగిన మర్నాడు తల పట్టేస్తుందని విన్నాను గాని, తాగిన పావుగంటకే పట్టేస్తుందని ఎవరూ చెప్పలేదు. మామ అప్పటికే గోడనీడన తుండుగుడ్డ మొహాన కప్పుకుని గుర్రు పెడుతున్నాడు. నేను ఓ ఇంటి ముందున్న నాపరాయి మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని మూలిగాను.

అప్పుడు వినబడింది. రాతి మీద రాయి. గర్... గర్... కాసేపు ఆగి మళ్ళీ గర్... ఎక్కడో గోడల వెనకనుంచి. నేను మూలుగు ఆపితే అదీ ఆగింది. మామను లేపి చెవిలో అరిచాను. ఆయన అటూ ఇటూ చూసి, "నాకేం ఇనపడల్యా" అన్నాడు. తర్వాత మొహం మార్చి, "ప్లేగులో పోయిన ఆడోళ్ళు మిట్టమధ్యాన్నం ఇసుర్రాయి తిప్పుతాంటారంట. మూడు మార్లు ఇన్నోడు నెల దాటడంట. ఈ పక్క పల్లెలోళ్ళు చెప్తాంటే ఇన్యా" అన్నాడు. అని మళ్ళీ పడుకున్నాడు.

ఇంత విన్నాక బుద్ధి ఉన్నవాడు మళ్ళీ అటు వెళ్ళడు. నేను రెండు రోజులాగి వెళ్ళాను. వెళ్ళకపోతే నా పిరికితనం మామ నోట జట్టంతటికీ వినబడుతుందని భయం. మళ్ళీ నాలుగు గుక్కలు, మళ్ళీ మేకు, మళ్ళీ అదే రాయి మీద మూలుగు, మళ్ళీ గర్... గర్... ఈసారి లేచి చూస్తే వెనకున్న గడప మీద మోదుగాకు దొన్నె ఒకటి కనబడింది. అందులో మట్టి రంగు ముద్ద, ఇంకా తడిగా ఉంది. వచ్చేటప్పుడు అది అక్కడ లేదు. మామకు చూపిస్తే దూరంగా జరిగి, "ముట్టగాకప్పా. దయ్యాలకు పెట్టిండేది" అన్నాడు. పెట్టడానికి ఆ ఊళ్ళో మనిషంటూ ఎవరున్నారని అడిగితే ఆయన తుండుగుడ్డ మళ్ళీ మొహాన కప్పుకున్నాడు.

మూడోసారి కూడా విన్నాను. ఇక నాకు అన్నం సయించలేదు. నెల దాటనని ఖాయం చేసుకుని, కొలతల పుస్తకంలో ఒక రోజు పొడవూ వెడల్పూ తారుమారుగా రాసి పెద్దసారు చేత చీవాట్లు తిన్నాను. అమ్మకు ఉత్తరం రాయాలని కూర్చుని "నేను క్షేమం" దగ్గర ఆగిపోయాను. చివరికి చచ్చేవాడికి భయమేమిటనిపించింది. నాలుగోసారి వెళ్ళినప్పుడు మామ నిద్రపోయాక, శబ్దం మొదలవగానే, ఒక చేత్తో కణత నొక్కుకుంటూ గోడ పట్టుకుని అటే నడిచాను. రెండు ఇళ్ళ అవతల ఒక్క గదికి మాత్రం కప్పు మిగిలి ఉంది. చీకట్లో తెల్లటిదేదో వంగి ఊగుతోంది. నా అలికిడికి ఆగింది. అదే ముందు మాట్లాడింది.

"గడప మీదనే పెడ్తాండా గదా సామీ. లోపలికి యాల వచ్చినావు? నన్ను తీస్కపోతావా?"

వణుకుతున్నది నేను ఒక్కణ్ణే కాదని అప్పుడు గమనించాను. అదొక ముసలవ్వ. తెల్లచీర, పువ్వులు పడి చూపు మందగించిన కళ్ళు, పక్కన రెండు మేకపిల్లలు. ముందర సానరాయి, దాని మీద శొంఠికొమ్ము.

"నేను మనిషినే అవ్వా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఆమె లేచి వచ్చి నా మొహమంతా వేళ్ళతో తడిమింది. వేళ్ళు ఎడమ కణత దగ్గర ఆగాయి. "చీరల మూట యాడ పెట్టినావు?" అంది. తర్వాత తనే తల అడ్డంగా ఊపి, "ఆయప్ప ముసలోడై పోయింటాడు. నువ్వు పిల్లోనివి. యా ఊరు నాయినా మీది?" అంది. ఊరి పేరు చెప్పాను. మగ్గాలవాళ్ళమని చెప్పాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. ఊరు బతికున్నప్పుడు తను నేసిన చీరలు అమ్ముకునే ఒకాయన మూట నెత్తిన పెట్టుకుని వచ్చేవాడట. ఈతకల్లు ముంత తాగీ తాగకముందే ఎడమ కణత పట్టుకుని ఆ నాపరాయి మీదే కూలబడేవాడట. ఈమె శొంఠి అరగదీసి పట్టు వేసేది. ప్లేగు తర్వాత ఆయన రాలేదు. ఈమె మనుషులంతా పోయినా ఊరు వదల్లేదు. ఇన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం అదే రాయి మీదనుంచి అదే మూలుగు వినబడేసరికి, ఆయనే చచ్చి తిరిగొచ్చాడనుకుంది. దగ్గరికి రావడానికి భయం, ఊరుకోవడానికి మనసొప్పదు. అందుకని మూలుగు వినబడినప్పుడల్లా చాటునుంచి శొంఠి అరగదీసి గడప మీద పెట్టి పారిపోయేది. వారం రోజులుగా ఆ పాడూరిలో తిరుగుతున్న దయ్యం నేనే.

ఆ రోజు నా నుదుటికి ఆమే పట్టు వేసింది. భగ్గున మండింది, తర్వాత మేకు సడలింది.

శనివారం ఇంటికి వెళ్ళి, సారా సంగతి మింగేసి, ఎండదెబ్బ అని చెప్పి, మిగతాదంతా మా జేజికి, అంటే నాయనమ్మకు, వినిపించాను. ఆమె నూలు కండె చుట్టడం ఆపింది. తను నేసిన చీరలు ఊరూరా తిరిగి అమ్మి, ఎప్పుడో పోయిన మా జేజినాయనను కల్లు ముట్టని పుణ్యాత్ముడని జనం చెప్పుకునేవాళ్ళు.

"ఆయమ్మ ఇంకా ఉండాదా?" అంది. "మీ జేజినాయన తాగొచ్చినా నేను అంత బాధపడల్యా. శొంఠి వాసనతో వచ్చేటోడు సూడు, ఆ పొద్దు మాత్రం కూడు పెట్టబుద్ధయ్యేది కాదు." పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఒక చీర మడిచి నా సంచిలో పెట్టింది.

పాడూరిలో అవ్వ ఆ చీర అంచు వేళ్ళతో తడిమి చూసుకుంది. "ఇది ఆయప్ప నేత కాదు" అంది. "ఆడమనిషి నేసింది. అంచు బిగువు జూడు." మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని, "బాగుండాదని చెప్పు" అంది.

వచ్చి జేజికి ఆ మాటే చెప్పాను. ఆమె "ఊఁ" అని మగ్గం వైపు తిరిగింది. ఆ తర్వాత నేను తాగలేదు. కొందరి ఒంటికి మందు అసలే పడదని, అది వంశంలో వస్తుందని చాలా ఏళ్ళకు ఒక డాక్టరు చెప్పాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. వాళ్ళ మధ్య అటూ ఇటూ నడిచినవాణ్ణి నేనే. సంచిలో ఏం మోసుకెళుతున్నానో తెలియక, దారి పొడుగునా ఈలవేసుకుంటూ నడిచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త మెల్లగా నడిచి ఉండాల్సిందేమో అని కూడా అనిపిస్తుంది.