మూడూళ్ల మొండయ్య

చనిపోయిన రోజు పొద్దున మా బాపు చేసిన చివరి పని, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషిని వాకిట్లోనే ఆపడం.

"ఏ ఊరు కొడుకా మీది?"

"నిర్మల్."

బాపు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు. "నిర్మల్ బస్సు కోరుట్ల మీదికెల్లే పోతది గదా. అయితే మనూరోనివే. కూసో, చాయ తాగి పో."

అతను కూర్చున్నాడు, చాయ తాగాడు, మీటరు చూడ్డం మరిచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న బాపు మళ్లీ లేవలేదు.

మా బాపు మొండయ్యకు ఉన్న రోగం ఇదొక్కటే. కనబడ్డ ప్రతి మనిషినీ ఊరు అడగడం, ఏ ఊరు చెప్పినా మనూరే అనడం. ముత్యంపేట అంటే, "మన చాయల చక్కెర ఆడికెల్లే వస్తది." చందుర్తి అంటే, "మా మేనత్త ఆడిబిడ్డనిచ్చిన ఊరు." ఏ చుట్టరికమూ దొరక్కపోతే బస్సు దారి ఉండనే ఉంది.

ఈ రోగం వలసల వల్ల వచ్చింది. మా తాత కోరుట్లలో నేసేవాడు. అక్కడ పని తగ్గితే బాపు పెళ్లయిన ఏడాదే జగిత్యాలకు, నాకు ఆరేళ్లప్పుడు మరమగ్గాల కోసం సిరిసిల్లకు మకాం మార్చాడు. జగిత్యాలలో మమ్మల్ని కోరుట్లోళ్లు అన్నారు. సిరిసిల్లలో జగిత్యాలోళ్లు అన్నారు. బతుకమ్మకు కోరుట్ల పోతే, "సిరిసిల్లోళ్లు వచ్చిండ్రు" అన్నారు.

ఇది నన్ను కన్న మా అవ్వ శంకరవ్వ మనసులో ముల్లు. "యాడికి పోయినా మనం పరాయోళ్లమే అయితిమి" అనేది.

"పిచ్చిదానా, అందరికి ఒక్కటే ఊరు. మనకు మూడున్నయి. గీ సిరిసిల్లల మూడూర్ల ఆసామి ఇంకెవడున్నడో సూపెట్టు."

"ఇల్లయితే కిరాయిదే గదా."

"ఇల్లు కిరాయిది. ఊరు సొంతం."

ఒకసారి వాకిట్లో ఆరేసిన లుంగీ ఎత్తుకుపోతున్నవాణ్ని బాపే పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు తన్నక, ఊరు అడిగాడు. దొంగ జగిత్యాల అన్నాడు. "ఏ వాడ?" అన్నాడు బాపు. అరగంటకు అవ్వ వచ్చి చూస్తే దొంగ పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు, ఆ లుంగీయే కట్టుకుని.

అవి ఎవరూ ఊరి పేరు పైకి చెప్పని రోజులు. ఒక ఊరి పేరంటే పోలీసులకు అనుమానం, ఇంకో ఊరి పేరంటే అడవిలోని నక్సలైట్ అన్నలకు అనుమానం. బస్సులో పక్కవాడు ఊరడిగితే జనం కిటికీలోంచి బయటికి చూసేవారు. బాపు మాత్రం వెనక సీటు దాకా వినబడేట్టు అడిగేవాడు. అందుకని అవ్వ నన్ను ఆయన వెంట పంపేది. "బిడ్డా, మీ బాపు నోరు తెరిస్తే అంగి పట్టి గుంజు" అని నా డ్యూటీ.

నాకు పదకొండేళ్లప్పుడు, ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కోరుట్ల నుంచి వచ్చి సిరిసిల్ల బస్టాండులో దిగాం. వీర్నపల్లి నుంచి వచ్చిన ఒక యువకుణ్ని పోలీసులు జీపు పక్కన నిలబెట్టారు. అది అడవి వైపు. అటువైపు వాళ్లను జీపెక్కిస్తే అందరూ తిరిగొచ్చేవారు కాదు. ఆ సంగతి బస్టాండంతటికీ తెలుసు గనక బస్టాండంతా నేల చూస్తోంది.

"మగ్గం పనికి వచ్చిన సారు" అంటున్నాడతను.

"ఇక్కడ నువ్వు తెలిసినవాళ్లెవరు?" అన్నాడు ఎస్సై. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు.

అతను బస్టాండంతా కలియజూశాడు. నేను బాపు అంగి గుంజాను. అంగి చిరిగింది.

"మనూరోడే సారు" అన్నాడు బాపు.

"ఏ ఊరు మీది?"

"మాకు మూడున్నయి సారు."

"వీడి పేరేంటి?"

బాపు నోరు తెరిచి, మూసి, మళ్లీ దర్జాగా తెరిచాడు. "పేరుతోని ఏం పని సారు? మగ్గం ఎరిగినోడా కాదా, పని సూస్తె తెల్వదా? తెగిన పోగును మా పోరగాండ్లు కండ్లు మూసుకొని ముడేస్తరు." తన తువాల అంచు నుంచి ఒక పోగు లాగి, మధ్యకు తెంపి, రెండు కొసలూ అతని చేతిలో పెట్టాడు.

అతను ముడి వేశాడు. అది లేగదూడను గుంజకు కట్టే ముడి. శనగగింజంత ఉంది. నేతగాడు వేసిన ముడి వేలితో తడిమినా తెలియకూడదు. ఇట్లాంటిది మగ్గం మీద జానెడు కూడా నడవదు. ఇంతకంటే నయమైన ముడికే బాపు నా నెత్తి మీద మొట్టిన రోజులున్నాయి.

బాపు ఆ పోగును ఎండకు పట్టి చూశాడు. తిప్పి మళ్లీ చూశాడు.

"సూసిండ్రా సారు? అసలు సిసలు సిరిసిల్ల ముడి."

ఎస్సై కూడా ఎండకు పట్టి చూశాడు. తల ఊపాడు. "అయితే స్టేషనుకొచ్చి పూచీ రాసివ్వు."

వాళ్లు లోపల ఉన్నంతసేపూ నేను అంగి ముక్క పట్టుకుని బయట బల్ల మీద కూర్చున్నాను. చివరికి ఇద్దరూ వచ్చారు. రోడ్డెక్కగానే బాపు అడిగాడు, "నీ పేరేంది కొడుకా?"

"వెంకటి."

"వెంకటీ, గసొంటి ముడి మా ఇంట్ల ఎయ్యకు. ఇజ్జత్ పోతది."

వెంకటి మా ఇంట్లో నెల రోజులుండి, ముడి నేర్చుకుని, బొంబాయి దగ్గరి భివండి మగ్గాలకు వెళ్లిపోయాడు.

బాపు పోయిన పదకొండో రోజున అతను వచ్చాడు. జుట్టు నెరిసింది. అక్కడ సొంతంగా నాలుగు మగ్గాలు నడిపిస్తున్నాడట. వచ్చినవాళ్లందరికీ నేను బాపు మూడూళ్ల గొప్ప చెబుతుంటే మధ్యలో అందుకున్నాడు.

"మూడు గాదు చెల్లె, నాలుగు."

"నాలుగోది ఏది?"

"ఆ దినం స్టేషన్ల ఎస్సై పెన్ను పట్టుకొని, 'మూడూళ్లు కుదరవు, ఒక్కటి చెప్పు. ఇద్దరిదీ ఒకే ఊరైతేనే నీ పూచీ చెల్లుతుంది' అన్నడు. మీ బాపు నా దిక్కు గూడ సూడలె. ఎంబడే చెప్పిండు."

ఆ రోజుల్లో ఆ ఊరి పేరు చెప్పుకోవడమంటే జీపుకు మన ఇంటి దారి చూపించడమే. అవ్వకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

పోలీసుల పుస్తకంలో మా బాపు సొంతూరు వీర్నపల్లి. ఆ ఊళ్లో ఆయన ఒక్కనాడూ అడుగు పెట్టలేదు.