పిలవని పెళ్ళిలో దొరికిన సాక్ష్యం

ఢిల్లీలోని మునిర్కాలో అద్దె గదిలో ఉంటూ స్టెనో ఉద్యోగానికి టైపింగ్ నేర్చుకునే ఆ రోజుల్లో, నిజం మన పక్షాన ఉంటే ఇంకేమీ అక్కర్లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకం, నా కుడి మణికట్టు ఒకే వారంలో విరిగాయి. మా దారిలోని ఫంక్షన్ హాలు వాళ్ళు పైపు కోసం గేటు ముందు గుంట తవ్వి, ఆ రోజు పెళ్ళి ఉందని దాని మీద ఎర్ర తివాచీ పరిచేశారు (అతిథులకు గుంట కనిపిస్తే బాగుండదని కాబోలు). నేను అందులో పడ్డాను. పరీక్ష మూడు వారాల్లో ఉంది, చేతికేమో పిండికట్టు.

పరిహారం అడగడానికి వెళ్తే మేనేజరు ఎంతో మర్యాదగా కుర్చీ వేయించి, అక్కడ గుంటన్నదే లేదన్నాడు. నిజమే, అప్పటికి సిమెంటుతో పూడ్చేశారు. కెమెరా కూడా ఆ రోజు పనిచెయ్యలేదట. నా గదిలో ఉండే వరంగల్ అమ్మాయి (సివిల్స్‌కి చదివేది కాబట్టి కలెక్టరమ్మ అనేదాన్ని) ఊరుకోలేదు. తనకు తెలిసిన ఒక వకీలు అంకుల్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు.

“చెయ్యి విరిగిందని ఇది చెప్తుందమ్మా. ఎక్కడ విరిగిందో ఎవరు చెప్తారు? అప్పుడు పెళ్ళికొడుకు బరాత్ వెళ్తోందన్నావు కదా, ఆ వీడియో సంపాదించు.”

నడిచి వెళ్తూ పడ్డానని అందరికీ చెప్పాను గానీ, అసలు సంగతి వేరు. డోలు మోగుతోంది, ఆ వీధిలో నన్నెరిగినవాళ్ళు లేరు, కాళ్ళు ఆగలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళ ఊరేగింపులో దూరి డాన్సు చేస్తూ పడ్డాను. అందుకని వీడియో వద్దు, ఎదురుగా ఉండే పళ్ళబండి అతన్ని అడుగుదామన్నాను. అతను అప్పుడు పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రాన్ని చూస్తున్నాడట. పైగా బ్యాండు వాళ్ళ ఫోన్ నంబరు కూడా అతనే ఇచ్చాడు. కలెక్టరమ్మ నావైపు అనుమానంగా చూసి, “ఏందే, గింత మంచి సాక్ష్యం దొరుకుతుంటే మొహం గట్ల పెట్టినవ్?” అంది.

బ్యాండు వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళతో కరోల్ బాగ్‌లో పెళ్ళివారి ఇల్లు పట్టుకున్నాం. మమ్మల్ని కూర్చోబెట్టి, గాజర్ హల్వా పెట్టి, ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి వీడియో వేశారు. అందులో నేను, భుజాన టైపింగ్ క్లాసు సంచితో, చేతులు రెండూ గాల్లోకెత్తి, గుర్రానికి సరిగ్గా ముందు ఆడుతున్నాను. కలెక్టరమ్మ హల్వా తినడం ఆపేసింది. పది సెకన్ల తర్వాత తివాచీ లోపలికి కుంగింది, నేను తెర మీంచి మాయమయ్యాను. వాళ్ళు దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు. నన్ను పెళ్ళికొడుకు ఆఫీసు అమ్మాయి అనుకున్నారట. అతనేమో వాళ్ళమ్మ తరఫు చుట్టమనుకున్నాడట. పెళ్ళికొడుకు నాయనమ్మ (ఇంట్లో అందరూ దాదీ అనేవారు) మాత్రం నవ్వలేదు. ఇంకో రెండడుగులు వేస్తే గుర్రం కాలు అందులో పడేది, మనవడు ఏమయ్యేవాడని మండిపడి, సాక్ష్యానికి తానే వస్తానంది.

అన్నట్టే, వకీలు అంకుల్ మధ్యవర్తి దగ్గర పెట్టించిన రాజీ మాటలకు శాలువా కప్పుకుని వచ్చింది. వీడియో అయ్యాక హాలు తరఫు వకీలు, నేను ఒళ్ళు తెలియకుండా గంతులేసి పడ్డానని అందుకున్నాడు. మధ్యవర్తి మేడమ్ నన్ను సూటిగా అడిగారు. చెవులు కాలిపోతుండగా, డాన్సు చేసిన మాట నిజమేనని ఒప్పుకున్నాను. అప్పుడు దాదీ మేనేజరు వైపు తిరిగింది.

“నాచీ తో థీ, బేటా. అచ్ఛా నాచీ థీ. గడ్ఢా తో తుమ్హారా థా.”

ఆడిందయ్యా, బాగానే ఆడింది, గుంట మాత్రం నీదేగా అని. మేనేజరు ఆ పూటే ఆస్పత్రి ఖర్చు, పరిహారం రెండూ ఒప్పుకుని, క్షమాపణ కూడా రాసి సంతకం పెట్టాడు. నేను మెట్లు దిగుతుంటే పట్టాభిషేకం జరిగినట్టే ఉంది. తర్వాతి సారి పరీక్ష రాసి ఉద్యోగమూ తెచ్చుకున్నాను.

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పడే ముందరి పది సెకన్లే మళ్ళీ మళ్ళీ చూస్తాను. ఎవరూ పిలవని చోట ఎంత ధీమాగా ఆడుతోందో ఆ పిల్ల! ఇప్పుడు కార్డిచ్చి పిలిచిన పెళ్ళికి వెళ్ళినా, మూల కుర్చీలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, భోంచేసి వచ్చేస్తున్నాను.