పొద్దున పదింటికి ఎర్ర లైటు

2022 చలికాలం. మహబూబ్‌నగర్‌లో ఎయిర్ ప్యూరిఫయర్లు, వాటర్ ఫిల్టర్లు బాగుచేసే సర్వీస్ సెంటర్లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కల్వకుర్తిలోని ఒక ఇంటి నుంచి ఒకే నెలలో మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడుసార్లూ ఒకటే మాట: "రోజూ పొద్దుగాల పది కొట్టంగనే ఎర్ర లైటొస్తున్నదన్నా."

ఎయిర్ ప్యూరిఫయర్ గదిలోని గాలిని లోపలికి లాగుతుంది. ముందుండే ప్రీ-ఫిల్టర్, అంటే సన్న జాలీ, వెంట్రుకలనూ పెద్ద దుమ్మునూ ఆపుతుంది. వెనక హెపా ఫిల్టర్ కంటికి కనిపించని దుమ్మును, పొగ రేణువులను పట్టుకుంటుంది. గాలి ఎట్లా ఉందో సెన్సర్ చెబుతుంది. బాగుంటే నీలం లైటు, పాడైతే ఎరుపు.

మొదటిసారి వెళ్లి సెన్సర్ తుడిచాను. రెండోసారి ఏకంగా మార్చేశాను. రెండుసార్లూ వెళ్లింది మధ్యాహ్నమే. నీలం లైటు చూసి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. మూడో ఫోన్‌కు ఒళ్లు మండింది. నా పనికే వంక పెడుతున్నారనుకుని, తేల్చుకుందామని తొమ్మిదిన్నరకే వెళ్లి కూర్చున్నాను.

ఫోన్ చేసింది ఆ ఇంటి కోడలు స్వప్న. మిషన్ కొన్నది ఆమె ఎనిమిది నెలల పాప కోసం. మూడో నెల నుంచే పాపకు ఆయాసం, పిల్లికూతలు. ఇప్పటికి రెండుసార్లు దవాఖానలో ఉంచారు. ఇంకోసారి వస్తే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారని చెప్పింది.

అత్త బాలమ్మ ఆ వాడలో పుట్టిన పిల్లలందరికీ స్నానాలు పోసిన మనిషి. నా కళ్లముందే కాళ్లు చాపి మనవరాలిని పడుకోబెట్టుకుంది. నూనె రాసి, శనగపిండితో రుద్ది, వేడినీళ్లు పోసి, తుడిచి గదిలోకి తెచ్చి తలుపేసింది. నిప్పుల గిన్నెలో ఇంత సాంబ్రాణి వేసి, పాప తలను ఆ పొగ మీదికి వంచి వెంట్రుకలు ఆరబెట్టసాగింది. గది తెల్లగా కమ్ముకుపోయింది. మిషన్ ఎర్రబడి గుయ్యిమంది. గోడ గడియారంలో సరిగ్గా పది.

నాకు నవ్వొచ్చింది. పాప దగ్గగానే నవ్వు పోయి భయమేసింది. అంత ప్రేమగా చేసే ముసలామెకు ఏమని చెప్పాలి? స్వప్న వైపు చూశాను. తల దించుకుంది.

"అవ్వా, మిషన్ పరీక్ష చెయ్యాలె. పాపను బయటికి పంపి, గా గిన్నె గూడ జర బయట పెడ్తవా?" అన్నాను.

పెట్టింది. తలుపులు, కిటికీలు తెరిచాను. కాసేపటికి లైటు నీలానికి తిరిగింది. గిన్నె లోపలికి తెప్పించాను. ఎరుపు. ఆ తర్వాత నేనడగకుండానే బాలమ్మ ఇంకోసారి గిన్నెను బయటికి తీసుకుపోయి, తిరిగి తెచ్చి, లైటు వంకే చూస్తూ నిలబడిపోయింది.

"గీ ఊదు పొగ పిల్లకు పడ్తలేదా బిడ్డా?"

"ఏ పొగా పడదవ్వా. లేత ఊపిరి."

"గింతమంది పిల్లలకు పట్టిన. ఎవ్వలూ చెప్పకపాయె." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమే స్వప్నా, నీకెరుకేనా?"

"డాక్టర్ చెప్పిండత్తా. నువ్వు పాణం పెట్టి చేస్తుంటివి. నాకు నోరు రాలే."

"నోరు రాలేదని పిల్లను ఆగం జేస్తవా? నన్ను నాలుగు తిట్టినా పడుదు గదనే!" అంటూ బాలమ్మ నిప్పుల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించింది. పాపను ఎత్తుకుని అరుగు మీద ఎండలో కూర్చుని, కొంగుతో తల తుడవడం మొదలుపెట్టింది.

నేను బండి తీస్తుంటే స్వప్న గేటు దాకా వచ్చింది. "మిషన్ మంచిగనే ఉన్నదని నాకెరుకే అన్నా. నువ్వు పొద్దుగాల వస్తే చూస్తవని పిలిచిన. రెండుసార్లూ మధ్యాహ్నమే వస్తివి."

సిగ్గుపడుతూ బండెక్కాను.

ఆరు నెలలకు ఫిల్టర్ మార్చడానికి వెళ్లాను. డాక్టరిచ్చిన మందు నడుస్తూనే ఉంది, కానీ పాప మళ్లీ దవాఖాన మెట్లు ఎక్కలేదు. బాలమ్మ ఇంకా వాడలో పిల్లలకు స్నానాలు పోస్తోంది. ఊదు అడిగిన తల్లులను ఆమే కసురుతోందట.

ఇన్నేళ్లలో నేను మార్చిన సెన్సర్లకు లెక్కలేదు. ఆ ఇంట్లో మార్చినదొక్కటే అనవసరంగా మార్చాను. మొదటి రోజే స్వప్నను "ఏమైందమ్మా, పదింటికి ఇంట్లో ఏం చేస్తరు?" అని అడిగి ఉంటే, పాపకు మూడు వారాల పొగ తప్పేది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ మాట అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే స్క్రూడ్రైవర్ బయటికి తీస్తున్నాను.