నాలుగు లీటర్ల పాలు

1997 మార్చి 12, బుధవారం. కార్వేటినగరం దగ్గర ఒక పల్లె, చెరకు రైతు ఇంటి వసారా. ఉన్నవారు: నేను, రైతు, అతని తల్లి. తలుపు వెనక అతని భార్య, ఏడు నెలల గర్భిణి.

ఆనాటి డైరీలో ఇంతే రాసుకున్నాను.

ఏళ్ల తరబడి పంట, పాలు, బెల్లం దిగుబడి లెక్కలు రాసిన సర్కారు గుమాస్తాను నేను. ఆ ఏడు వచ్చిన ఫారం వేరు. ఇంట్లో ఎవరు చివర తింటారు, ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తారు, ఆసుపత్రికి పోవాలంటే ఎవరు ఒప్పుకోవాలి అని అడిగేది. జబ్బు గడిలో ‘ఉంది’ అని రాసిన ఇళ్లకు మర్నాడు నర్సు వెళ్తుంది. ఆడవాళ్లను విడిగా అడగాలని నిబంధన. ఆ ఇంట్లో కోడలు పరాయి మగవాళ్లతో మాట్లాడదు. తోడు రావలసిన అంగన్‌వాడీ టీచరు రాలేదు. ఒక్క ఇంటి కోసం ఆమె వచ్చేదాకా ఆగడమెందుకని కూర్చున్నాను.

“మీ భార్య ఏం పని చేస్తుంది?”

“దానికేం పనప్పా? ఇంట్లోనే కదా ఉండేది.”

తల్లి ఊరుకోలేదు. “నాలుగ్గంటలకే లేచి పేడ తీసి, పాలు పిండి, కేంద్రంలో పోసొస్తాది. మళ్లా గానుగ కాడికి కూడు మోస్తాది. అది పని గాదా?”

“నువ్వూ చేసినావు గదమ్మా, నిన్నెవురు రాసుకున్నారు?”

“రాసుకోలేదనే నడుం ఇట్టా వంగిపోయిండాది.”

అందరం నవ్వాం. జబ్బు సంగతి అడిగాను. తలుపు వెనక నుంచి సన్నగా వినిపించింది.

“అత్తా, కాళ్ల వాపు చెప్పు. కండ్లు మసకలు గూడా.”

“కడుపుతో ఉన్నోళ్లకి మామూలే లే,” అంది అత్త.

రైతు నా వైపు వంగాడు. “అది రాస్తే పొద్దున్నే నర్సమ్మ వచ్చి పండుకోమంటాది. పాలెవురు పిండేది సార్? మీరు పిండతారా?”

మళ్లీ నవ్వాం. తలుపు కింద వాచిన పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. గడిలో ‘లేదు’ అని రాశాను.

మర్నాడు నర్సుకు జాబితా ఇవ్వాలని ఆ రాత్రి ఊరి బడిలోనే పడుకున్నాను.

మర్నాడు ఆరున్నరకు టీ కోసం పాలకేంద్రం దగ్గరికి వెళ్లాను. వరసలో కోడలు లేదు. క్యాను పట్టుకుని అత్త నిలబడి ఉంది.

“తెల్లారుజామున పాలు పిండినాక కొట్టంలో ఫిట్సొచ్చి పడిపోయినాది సార్. మావోడు ట్రాక్టర్లో పుత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయినాడు. పాలు ఇరిగిపోతాయని నేను తెచ్చినా.”

పాలు కొలిచి, ఆ ఇంటి పేరు కింద ఎప్పటిలాగే నాలుగు లీటర్లు రాశారు.

తొమ్మిదింటికి నర్సు వచ్చి నా జాబితా అడిగింది. అందులో ఆ ఇల్లు లేదు. చెబుదామని నోరు తెరిచేలోగా ట్రాక్టరు తిరిగొచ్చింది. దారిలోనే ప్రాణం పోయిందట. ట్రాలీలో పరిచిన గడ్డి మీద ఆమెకు దుప్పటి కప్పి ఉంది, పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.