సింధు తినని గుడ్డు

పాండురంగం సేటు దుకాణంలో గుడ్ల ట్రేలు గోడెత్తు పేర్చి ఉంటాయి. ఇంట్లోకి మాత్రం పెంకు కూడా రాకూడదు. అమ్మితే వ్యాపారం, వండితే పాపం. ఆ ఇంటికి రఘునాథపల్లి నుంచి కోడలై వచ్చింది సింధు. వాళ్లదీ అలాంటి ఇల్లే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ పిల్ల గుడ్డు నోట పెట్టింది లేదు.

మొగుడు వంశీకి హాస్టల్లో గుడ్డు అలవాటైంది. ఉద్యోగం స్టేషన్ ఘన్‌పూర్‌లో. తెల్లారగానే రైలు. ఉప్మా తిని పోతే ఆఫీసులో కళ్లు తిరుగుతున్నాయని పెళ్లాం దగ్గర ఏడ్చాడు. బండి దగ్గర కొని తిందామంటే స్టేషన్ నిండా తండ్రిని ఎరిగినవాళ్లేనట. ధైర్యం లేనివాడికి ఆకలెక్కువ.

గుడ్లు తెచ్చిచ్చింది గోడ అవతల ఉండే నేనే. మామ దుకాణంలోనే కొని, వెనక గోడ మీంచి కోడలికి అందించేదాన్ని. గిన్నెలు తోమే చోట చిన్న పొయ్యి పెట్టుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని సింధు చేసేది. చపాతీ సగం కాలగానే దాని మీద గుడ్డు కొట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప చల్లి తిరగేసేది. తడి ఆరేదాకా కాలిస్తేనే రైల్లో చేతికి కారదు. దాన్ని చుట్టి, ఫాయిల్ పేపర్లో మడిచి, ఎవరి కంటా పడకుండా వంశీ స్కూటర్ డిక్కీలో పెట్టేది. పెనం శనగపిండితో తోమేది. వాసనకు తులసికోట దగ్గర సాంబ్రాణి వేసేది. రుచి చూడకుండా ఉప్పెలా తెలుస్తుందని అడిగితే, ఆయనేమీ అనలేదంటే సరిపోయినట్టే పెద్దమ్మా అంది.

అత్త సుగుణ ఆ సాంబ్రాణి చూసి, మా కోడలంత భక్తి ఎవరి కోడలికుందని గల్లీ అంతా చాటింది. 

గుడ్డు తినేవాళ్లు కూడా శనివారం ముట్టరు. వంశీ అదీ మానలేదు. ఒక శనివారం పొద్దున పాండురంగం బండి పంక్చరైతే కొడుకు స్కూటర్ మీద గుడికి పోయాడు. చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని డిక్కీలో దాచబోయాడు. లోపల పొట్లం వెచ్చగా ఉంది. విప్పితే గుడ్డు.

దర్శనం లేకుండానే తిరిగొచ్చి, పొట్లం వెనక వాకిట్లో విసిరాడు. ఆ అలికిడికి నేను గోడ దగ్గరికి వచ్చాను.

"ఎవల్దిది?" అన్నాడు పాండురంగం.

వంశీ తల దువ్వుకుంటున్నాడు. "నాకేం తెల్వదు బాపూ" అన్నాడు. దువ్వెన ఆగలేదు.

సింధు మొగుడి మొహం చూసింది. ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"నాదే మామయ్యా."

ఇల్లంతా పసుపునీళ్లు చల్లారు. సుగుణ కోడలి కంచం, గ్లాసు వేరుచేసింది. దేవుడి గది గడప తొక్కొద్దంది. భక్తురాలని చాటిన నోటితోనే దొంగతిండి కోడలని చాటడం మొదలుపెట్టింది. ఆ గుడ్డు మీ దుకాణంలోదే, తినేది మీ కొడుకేనని చెప్పడానికి నేను చీర సర్దుకుని బయల్దేరాను. సింధు గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"ఆయనే చెప్పాలె పెద్దమ్మా. నువ్వు చెప్తె నాకేమొస్తది."

నా నోరు మూయించినవాళ్లు ఈ గల్లీలో ఇంతవరకు లేరు. ఆ పిల్ల మూయించింది. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడని ఎదురుచూసింది. బతుకమ్మకు పుట్టింటికి పోతే కన్నతల్లి కూడా, గుడ్లు తింటున్నావటగా అని అడిగిందట. అప్పుడు కూడా వాడు పక్కనే కూర్చుని పేపరు చదివాడట.

మొన్న పొద్దున గిన్నెలు తోముతున్న సింధు దగ్గరికి వంశీ వచ్చాడు. గొంతు తగ్గించాడుగానీ, గోడ ఇవతల నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

"జర ఒక్కటి చెయ్యరాదు. అంత సల్లవడ్డది గద."

సింధు తలెత్తలేదు. "మామయ్య ముందట అడుగుండ్రి, చేస్త."

లోపల పాండురంగం పూజ గంట కొడుతున్నాడు. వంశీ దేవుడి గది గడప దాకా పోయాడు. గంట ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పులేసుకుని ఖాళీ చేతులతో రైలుకు పోయాడు.