తమేన్ దారంతో కట్టిన గాలాలు

నా చిన్నప్పుడు బర్మాలో మా తాకేటా వాడలో మగాళ్లు దేనికీ భయపడేవారు కాదు, ఒక్క ఆరేసిన తమేన్‌కి తప్ప. తమేన్ అంటే ఇక్కడి ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే బట్ట. దాని కింద నుంచి నడిస్తే మగవాడి పోన్, అంటే వాడి మహిమ, దిగిపోతుందని బర్మావాళ్ల నమ్మకం. మేమేమో ఆదివారం తప్పకుండా చర్చికి పోయే తెలుగు బాప్టిస్టులం. అయినా ఈ విషయంలో మా నాన్న ఏ బర్మావాడికీ తీసిపోయేవాడు కాదు. ఆయన కోసం మా అమ్మ తన తమేన్‌లను ఇంటి వెనక మోకాలెత్తు తాడు మీద ఆరేసేది. నాకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా పక్కింటి అక్క పని పాత గాలాలను బాగుచేయడం. మా నాన్నా, తోటి పడవవాళ్లూ నది సముద్రంలో కలిసే దాకా పోయి పండుగప్పలు పట్టేవారు. పడవ నడుస్తుంటే వెనక ఈకలు కట్టిన గాలాన్ని లాక్కుంటూ పోతారు. నీళ్లలో ఆ ఈకలు చిన్నచేపలా ఆడతాయి, పండుగప్ప వచ్చి గబుక్కున పట్టేస్తుంది. నాలుగు చేపలు కొరికేసరికి ఈకలు పీలికలవుతాయి, దారం సడలుతుంది, కొక్కెం తుప్పు పడుతుంది. అలాంటివన్నీ డబ్బాలో వేసి అక్క గుమ్మంలో పెట్టేవారు. అది ఆమెకు తండ్రి నేర్పిన పని. ఆయన పోయాక ఆమె, ఆమె తల్లి దాని మీదే బతికేవారు.

నేను బడి నుంచి రాగానే అక్కడే ఉండేదాన్ని. అక్క పాత దారం విప్పి, కొక్కేన్ని ఇసుకతో తోమి, ఆకురాయితో మొన పెట్టేది. చేప కొరికిన ఈకలను పారేసేది కాదు. మెత్తబడ్డ ఈకే నీళ్లలో బాగా ఆడుతుందట, కొత్తది బిర్రుగా నిలబడిపోతుందట. అందుకని పాతవాటిని లోపల ఉంచి, పబేడాన్ బజారులోని కోళ్ల దుకాణం నుంచి తెచ్చిన పుంజు మెడ ఈకలు రెండు మాత్రం పైన చేర్చేది. పాత ఈకల్లో పనికొచ్చేవి ఏరడం నా వంతు.

ఒక వానాకాలం సన్నటి పట్టుదారం దొరకడం గగనమైపోయింది. నూలుదారం ఉప్పునీళ్లకు నాని ఊడిపోయేది. అక్క రెండు రోజులు ఊరికే కూర్చుని, మూడోరోజు పెట్టెలోంచి చిరుగులు పడ్డ తన ఎర్ర పట్టు తమేన్ తీసింది. అంచు దగ్గర పోగు పట్టి లాగమంది, లాగాను. మూడేసి పోగులు కలిపి పేని, మైనం రాసి, గాలం మెడకు బిగించి చుట్టింది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం నాతో అనలేదు. చేసిన పనిలో దాచాల్సింది ఉందని ఆమె అనుకోలేదు.

ఆ గాలాలు గట్టిగా నిలిచాయి. మా నాన్న పడవెక్కితే ముందు ఎర్రదారం గాలమే నీళ్లలో వేసేవాడు. మరుసటేడు ఒక మధ్యాహ్నం పండుగప్ప పులుసు కలుపుకుంటూ, అంత మంచి దారం ఆ పిల్ల ఎక్కడ సంపాదించిందో అని మెచ్చుకున్నాడు. నేను ఉబ్బిపోయాను. "అక్క తమేన్‌లోదే నాన్నా! పోగులు నానే లాగాను," అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కంచంలో ఉన్నది ఆ గాలానికి పడిన చేపే మరి. లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి పోయాడు.

సాయంత్రానికి ఐదుగురు పడవవాళ్లు మా నాన్నతో కలిసి వచ్చి అక్క వాకిట్లో తమ డబ్బాలు బోర్లించారు. వాడంతా పోగైంది. మా అమ్మ గాభరాగా అక్క చెయ్యి పట్టుకుని బతిమాలింది. "ఈ గుంట అబద్దమాడిందని ఒక్క మాట సెప్పేయ్ తల్లీ. దీనికి నాను నాలుగు తగిలిస్తాను, గొడవ సల్లారిపోద్ది."

మగాళ్లందరూ ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నారని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది. ఆ గాలాలు వాళ్లకీ కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్క ఆ మాట అనేస్తే బాగుండునని నేనూ అనుకున్నాను. దెబ్బలు తిని ఊరుకునేదాన్ని. ఆమె కూడు నా నోటి మూలంగా పోతోందని ఆ వయసుకే నాకు తెలుసు.

అక్క మా అమ్మ చెయ్యి విడిపించుకుంది. "గుంట నిజమే సెప్పింది పిన్నీ. నిజం సెప్పిన పిల్లకి దెబ్బలేటి?" అంది.

తర్వాత కత్తెర తెచ్చుకుని వాకిట్లోనే కూర్చుంది. ఒక్కో గాలం తీసి, ఎర్రదారాన్ని కత్తిరించి తన ఒళ్లో వేసుకుంది. ఈకలు ఒకవైపు రాలాయి, కొక్కెం ఒకవైపు పడింది. ఒక్కటీ మిగల్చలేదు.

"మీ కొక్కేలు మీవే, ఈకలూ మీవే. నా దారం నాను తీసేసుకున్నాను. ఇంక మీ పోన్‌కి ఏటీ భయం లేదు, పట్టుకుపోండి."

ఆరుగురు మగాళ్లు కిందకు వంగి ఈకలు ఏరుకున్నారు. అప్పుడు వాళ్లను చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఇప్పుడైతే నవ్వుతాను.

ఆ తర్వాత అక్క గుమ్మంలోకి ఒక్క డబ్బా రాలేదు. వాళ్లింట్లో ఒకపూట గంజి, ఒకపూట అదీ లేదు. నన్ను మాత్రం ఎప్పటిలాగే పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. ఒక్క మాట తిట్టినా నా మనసు తేలికపడేది, తిట్టలేదు.

ఇటు మా నాన్న నూలుదారంతో తనే గాలాలు కట్టుకున్నాడు. అవి నీళ్లలో బొంగరాల్లా తిరిగాయట. వట్టి బుట్టతో రావడం అలవాటయ్యాక, ఒకరోజు కొక్కేలు, ఈకలు డబ్బాలో వేసి నాకిచ్చి పంపాడు. అక్క డబ్బా మూతైనా తీయలేదు. "మీ నాన్ననే రమ్మను," అంది.

మూడోనాడు ఆయనే డబ్బా పట్టుకుని వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఏదో ఒక దారంతో కట్టమన్నాడు.

"ఏదో ఒక దారం నా దగ్గర లేదు సిన్నాన్నా. ఏ దారమో నోటితో సెప్పు."

వీధిలో నీళ్లకు పోయేవాళ్లు సైతం ఆగిపోయారు. మా నాన్న వాళ్లందరూ వింటుండగానే అన్నాడు. "తమేన్ దారమే కట్టమ్మా."

"ఇంకోటుంది. ఆరోజు నీ కూతురు అబద్దమాడిందా, నిజం సెప్పిందా?"

ఆయన నా వైపు తిరిగాడు. "నిజమే సెప్పింది," అన్నాడు. అప్పుడు అక్క చెయ్యి చాచి డబ్బా అందుకుంది.

ఆ తర్వాత ఈ ఊళ్లో ఎన్నో చూశాను. పెద్దల పరువు నిలబడాలంటే పిల్ల అబద్ధం చెప్పిందనేస్తే సరిపోతుందని బంధువుల ఇళ్లలో, చర్చి మీటింగుల్లో ఎందరో నా ముందే అన్నారు. అన్నప్పుడల్లా లేచి నిలబడ్డాను, అందరికీ చెడ్డదాన్నయ్యాను. అవనీ! ఇంట్లో బియ్యం నిండుకున్న మనిషే నా గురించి ఆ మాట అనలేదు.